కానుగ పెంచిన పాట

అనగనగా అంటే మరీ అంత పాత రోజులేం కాదు పిల్లలూ. తూర్పు కొండల్లో ఒక పెద్ద అడవి ఉండేది. ఆ అడవిలో అడవిదున్నల మంద ఒకటి తిరుగుతుండేది. అడవిదున్నల్ని మీరు చూసి ఉండరు. మన గేదెలకంటే చాలా పెద్దవి. ఒళ్లంతా నల్లగా ఉంటుంది. మోకాళ్ల కింద మాత్రం సున్నపు తొట్టిలో దిగి వచ్చినట్టు తెల్లగా ఉంటుంది. చూస్తే భయం వేస్తుంది గానీ, వాటి జోలికి పోనివాళ్లను అవేమీ చెయ్యవు.

ఆ మందలో అందరికీ చెట్ల పేర్లే. మందను నడిపించేది మారేడు పెద్దమ్మ. ఆమె తర్వాత అందరూ గౌరవించేది కానుగను. ఎందుకంటే మంద పాట కానుగ దగ్గర ఉండేది.

ఏం పాట అంటారా? అదే చెబుతున్నాను.

ఏటా తొలకరి పడగానే ఆ మంద ఒక వాగు దాటేది. అవతల ఒడ్డున ఉప్పునేల ఉంది. ఆ మట్టి నాకితేనే దున్నలకు ఒంట్లో సత్తువ. పాలిచ్చే తల్లులకు అది అందకపోతే పాలు ఎండిపోతాయి. అందుకని ఆ వాగు దాటక తప్పదు.

వాగు ఒడ్డున ఏనుగంత నల్లరాయి ఒకటి ఉంది. దాన్ని గట్టమ్మ అని కొలిచేవారు. మంద అక్కడ ఆగేది. అందరూ నుదుటికి బురద రాసుకునేవారు. పిల్లలు మధ్యలోకి వచ్చేవారు, తల్లులు చుట్టూ నిలబడేవారు. అప్పుడు పాట. రెండే రెండు ముక్కలు.

"గట్టు కాడ ఆగు తల్లీ
గుట్టు చెబుతా వినూ తల్లీ"

అంతే. కానుగ చిన్నప్పుడు ఆ పాట పాడేది వాళ్ల అవ్వ. ఆమె పేరు ఇప్పవ్వ. ఆ రెండు ముక్కలూ పాడి, రాతికి చెంప ఆనించి ఇప్పవ్వ ఊరుకునేది. చాలాసేపు అలాగే ఉండేది. మంద కూడా కదలకుండా నిలబడేది. తర్వాత "పదండి" అనేది. ఏ నాలుగైదేళ్లకో ఒకసారి మాత్రం "ఇవాళ వద్దు" అనేది. గట్టమ్మకు ఇష్టం లేదేమో అనుకుని అందరూ అడవిలోకి వెనక్కి వెళ్లి, మరునాడు మళ్లీ వచ్చేవారు.

ముసలితనంలో ఇప్పవ్వకు జబ్బు చేసింది. ఆమె మనవరాల్ని దగ్గరికి పిలిచింది.

"పాట నీకిస్తున్నానే కానుగా. రెండు ముక్కలూ పాడు. తర్వాత ఊరుకో. ఆ ఊరుకోవడం మాత్రం మానకు" అంది.

"ఎందుకవ్వా?" అని అడిగింది కానుగ.

"చెంప ఆనించి ఉంటే నీకే తెలుస్తుంది. మా అవ్వ..." అని ఇంకా ఏదో చెప్పబోయింది. దగ్గు తెర వచ్చింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ సాయంత్రమే ఇప్పవ్వ కన్నుమూసింది.

ఆ ఏడు కానుగ మొదటిసారి గట్టమ్మ ముందు నిలబడింది. రెండు ముక్కలూ పాడింది. చెంప ఆనించి ఊరుకుంది. ఏమీ వినపడలేదు. రాయి చల్లగా ఉంది, అంతే. వెనక నుంచి ఒక దూడ కిసుక్కున నవ్వింది. "పాపం, మర్చిపోయినట్టుంది" అని ఎవరో గుసగుసలాడారు. కానుగ మొహం వేడెక్కిపోయింది. "పదండి, పదండి" అనేసింది. మంద క్షేమంగానే దాటింది.

ఆ నవ్వు కానుగను ఏడాదంతా పొడుస్తూనే ఉంది. 'గట్టమ్మను వినమని పిలిచి, తీరా ఏమీ చెప్పకుండా ఊరుకోవడమేమిటి? అవ్వకు ఊపిరి చాలక ఆగేదేమో' అనుకుంది.

రెండో ఏడు ఆమె ఊరుకోలేదు. సొంతంగా నాలుగు ముక్కలు కట్టి పాడింది.

"మా పిల్లల్ని కాయి తల్లీ
మా దారిని చూడు తల్లీ..."

కానుగది మంచి గొంతు. తల్లులందరికీ కళ్లు చెమర్చాయి. మారేడు పెద్దమ్మ దగ్గరికి వచ్చి ఆమె మెడ నాకింది. "మీ అవ్వను మించిపోయావే" అంది. కానుగకు ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ పాట పెరుగుతూ పోయింది. వెదురు మీద ఒక ముక్క, ఉప్పు మీద ఒక ముక్క, చనిపోయిన పెద్దల మీద పది ముక్కలు. అందరూ కలిసి అందుకునే వంతపాట ఒకటి చేరింది. నీళ్లలో దిగి దాటుతున్నంతసేపూ ఆ వంత పాడుతూనే ఉండాలని కానుగే నియమం పెట్టింది. ఆరేళ్లు తిరిగేసరికి, పాట మొదలుపెడితే చెట్ల నీడలు సగమయ్యేదాకా సాగేది. పాట మొదట్లో రెండే ముక్కలనీ, ఊరుకోవడం అనేది ఒకటుండేదనీ అందరూ మర్చిపోయారు.

ఈలోపు కానుగకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు తంగేడు. పుట్టిన మూడు నెలలకే తల్లి పాటలో సగం దానికి వచ్చేసింది.

ఆ ఏడు మంద వాగు దగ్గరికి చేరింది. మరునాడు దాటాలి. పొద్దు వాలుతుండగా అందరూ నెమరు వేసుకుంటూ కూర్చున్నారు. ఆ మందలో మోదుగు అని ఒక కుర్రదున్న ఉన్నాడు. వాడికి నోరు ఊరుకోదు. వాడు లేచి వచ్చాడు.

"పెద్దమ్మా, ఆ రాయి దగ్గర మనం ఎందుకాగుతాం?" అని అడిగాడు.

"ఆచారం నాయనా" అంది మారేడు పెద్దమ్మ.

"ఆచారమే, సరే. ఎందుకు?"

"మా అమ్మ ఆగింది. వాళ్లమ్మ ఆగింది. నువ్వూ ఆగుతావు."

"మరి నుదుటికి బురద?"

"అది గట్టమ్మ బొట్టు."

"జోరీగలు కుట్టకుండా కాదూ? ఆ మాట చెబితే నేనూ రాసుకుంటాను కదా! అడిగితే ఒక్కరూ చెప్పరు. చెప్పలేనిదాన్ని నేనెందుకు చెయ్యాలి? రేపు నేను ఆగను. నా దారిన నేను దాటేస్తాను" అన్నాడు మోదుగు.

కానుగకు కోపం ముంచుకొచ్చింది. లేచి నిలబడింది.

"ఎందుకు, ఎందుకు అని అడిగేవాడికి భక్తి ఎక్కడుంటుందిరా? మన పెద్దల పాట అది. తరతరాల నుంచి ఒక్క మాట మార్చకుండా తెచ్చుకున్నాం. దాన్ని తప్పు పట్టేంతవాడివయ్యావా?" అంది.

అనేశాక ఆమెకే గుర్తొచ్చింది. ఆ పాటలో రెండు ముక్కలు తప్ప మిగతావన్నీ ఆమె కట్టినవే. కానీ మందంతా "అవును, అవును" అని తలలూపింది. అంతమంది తలలూపాక ఆ మాట నిజమే అనిపించింది కానుగకు.

తెల్లవారింది. కానుగ నీళ్లు తాగడానికి ఒంటరిగా వాగులోకి వచ్చింది. అక్కడ బండ మీద ఒక ముసలి నీటికుక్క కూర్చుని చేప తింటోంది. ఆ వాగులోనే పుట్టి, ఆ వాగులోనే ముసలిదైంది అది.

"ఇప్పవ్వ మనవరాలివి కదూ?" అంది నీటికుక్క.

"అవును తాతా."

"మీ పాట బాగా పెద్దదైందమ్మా. బాగుంది, కాదనను. కానీ అంతసేపూ పాడుతూనే ఉంటే మరి వినేదెప్పుడు?"

"ఏం వినాలి తాతా?"

నీటికుక్క తినడం ఆపింది. ఆమె మొహంలోకి చూసింది.

"మీ అవ్వ నీకు చెప్పలేదా? పైన కొండల మీద వాన కొడితే ఇక్కడ మబ్బు కూడా ఉండదు. ఎండ కాస్తూనే ఉంటుంది. వరద మాత్రం వచ్చేస్తుంది. వంపు తిరిగేదాకా అది కంటికి కనపడదు. కానీ అక్కడ నీళ్లు బండల్ని దొర్లించుకుంటూ బయల్దేరగానే ఈ గట్టమ్మ లోపల రొద పుడుతుంది. చెంప ఆనిస్తే తెలిసిపోతుంది. మీ అవ్వ విని 'ఇవాళ వద్దు' అనేది. ఆ మాట వినగానే మేమూ పిల్లల్ని తీసుకుని గట్టెక్కేవాళ్లం."

కానుగ గట్టు మీది రాతి వైపు చూసింది. "మరి పాటలో గట్టమ్మనే కదా వినమంటున్నాం?" అంది.

"మీరు గట్టమ్మను అనడం కాదమ్మా. గట్టమ్మ మిమ్మల్ని అంటోంది. ఆగమనీ, వినమనీ" అంది నీటికుక్క. చేప నోట కరుచుకుని నీళ్లలోకి జారిపోయింది.

అవ్వ చెప్పబోయిన మాట ఏమిటో కానుగకు ఇప్పుడు తెలిసింది. వెంటనే పెద్దమ్మకు చెప్పాలనుకుంది. గబగబా గట్టెక్కింది.

పైన మంద అప్పటికే బురద రాసుకుంటోంది. పిల్లలు మధ్యలోకి చేరుతున్నారు. తంగేడు అందరికంటే ముందు నిలబడి ఉంది. మారేడు పెద్దమ్మ కానుగను చూసి చిన్నగా అంది.

"వచ్చావా తల్లీ! ఇవాళ పాట నిండుగా ఉండాలి. ఆ మోదుగు నోరు మూతపడాలి."

కానుగ నోరు తెరిచింది. మందంతా ఆమె వైపే చూస్తోంది. దూరంగా మోదుగు తోక ఊపుతూ నిలబడ్డాడు. 'నిన్ననే కదా ఒక్క మాట మార్చలేదన్నాను. ఇవాళ నేనే మార్చానని చెబితే వీడు నవ్వడూ? పాట అబద్ధమంటే గట్టమ్మ కూడా అబద్ధమే అంటాడు. పిల్లలంతా వాడి వెంట పోతారు' అనుకుంది. అది నిజమే కావచ్చు. కానీ దాని అడుగున ఇంకొకటి ఉంది. ఆరేళ్లుగా తన మెడ నాకుతున్న పెద్దమ్మ ఇక నాకదేమో అన్న భయం.

పోనీ, ఊరికే చెంపైనా ఆనిద్దామనుకుంది. ఇన్నేళ్లూ లేనిది ఇవాళేమిటని అడుగుతారేమో! ఆకాశం వైపు చూసింది. ఎక్కడా మబ్బు లేదు.

'ఈ ఒక్కసారికి పాడేస్తాను. అవతలి ఒడ్డుకు వెళ్లాక నెమ్మదిగా చెబుతాను' అనుకుంది.

పాట మొదలుపెట్టింది.

మోదుగు అన్నంత పనీ చేశాడు. పాట సాగుతుండగానే వాగులో దిగి అవతలికి దాటేశాడు. దాటి, ఒడ్డెక్కి, వెనక్కి తిరిగాడు. అక్కడికి పాట అంత గట్టిగా వినపడదు. వాడి చెవులు నిక్కపొడుచుకున్నాయి. పై నుంచి ఏదో మోత. వాడు గొంతెత్తి అరిచాడు.

"రాకండి! నీళ్లలో దిగకండి!"

మందకు ఆ అరుపు వినపడింది. వెక్కిరిస్తున్నాడనుకున్నారు.

"చూశారా, పాటకు అడ్డు తగులుతున్నాడు! ఇంకా గట్టిగా పాడండి!" అంది మారేడు పెద్దమ్మ.

అందరూ గొంతులు పెంచారు. వాడు మళ్లీ అరిచాడు. ఇంకా పెంచారు. వాడు మూడోసారి అరిచేసరికి వంతపాట అందుకుని నీళ్లలో దిగారు. ముందు పెద్దమ్మ. వెనక తల్లులు. మధ్యలో పిల్లలు. చివర కానుగ. తాను పెట్టిన నియమమే కదా, అందరికంటే గట్టిగా పాడుతోంది. అప్పుడు ఆమెకు కాళ్ల కింద రాళ్లు వణికినట్టు తెలిసింది. పాట ఆపింది. ఆపితే వినపడింది.

ఎర్రటి నీళ్లు వంపు తిరిగి, మాను ఎత్తున లేచి వచ్చాయి.

తర్వాత ఏం జరిగిందో పూర్తిగా చెప్పలేను పిల్లలూ. ఆ మందలో బతికినవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. మారేడు పెద్దమ్మ నీళ్లకు అడ్డంగా నిలబడింది. ఒక్క లిప్త నిలబడగలిగింది. మోదుగు ఒడ్డు మీద నుంచి దూకి, కొమ్ములతో దూడల్ని ఒకదాని తర్వాత ఒకదాన్ని గట్టు మీదికి తోశాడు. నాలుగింటిని తోశాడు. ఐదోదాని దగ్గరికి వెళుతుంటే ఒక దుంగ వచ్చి వాడి వెనక కాలు విరగ్గొట్టింది. ఆ ఐదోది తంగేడు. "అమ్మా" అని ఒకే ఒక్కసారి పిలిచింది. కానుగ అటు ఈదింది. తెల్లటి చిన్న కాళ్లు నీళ్ల మీద ఒకసారి కనపడ్డాయి. మళ్లీ కనపడలేదు.

మరునాటికి నీళ్లు తగ్గాయి. మిగిలినవాళ్లు ఉప్పునేల ఒడ్డున చేరారు. మూడు రోజులు గట్ల వెంబడి వెతికారు. పెద్దమ్మ కింద ఇసుక మేటలో దొరికింది. ఇంకో ఇద్దరు తల్లులు పొదలకు చిక్కుకుని కనిపించారు. తంగేడు దొరకలేదు. కానుగకు పాలు చేపుతూనే ఉన్నాయి. తాగేవాళ్లు లేక, ఆమె నడిచిన చోటల్లా నేల మీద తెల్లటి చుక్కలు పడ్డాయి.

నాలుగో రోజు మంద కూర్చుంది. మారేడు పెద్దమ్మ చెల్లెలు రేల ఇప్పుడు మందకు పెద్ద.

"గట్టమ్మకు కోపం వచ్చింది. మోదుగు ఆగకుండా దాటాడు. పాట మధ్యలో అరిచాడు. అందుకే ఇలా అయింది" అని ఒకామె ఏడ్చింది.

"వాడిని వెళ్లగొట్టాలి" అన్నారు ఇంకొందరు.

"వచ్చే ఏడు ఇంకా పెద్ద పాట కట్టాలి. ఏ లోటూ రాకూడదు" అన్నారు మరికొందరు.

మోదుగు విరిగిన కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. "నేను రావద్దని అరిచాను" అన్నాడు.

కానుగ వాడిని చూసింది. ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే అందరూ ఆమెను ఓదారుస్తారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కదా! వాడు కుంటుకుంటూ అడవిలోకి పోతాడు. కుంటిదాన్ని పులి ఎన్నాళ్లు వదులుతుంది?

ఆమె లేచింది.

"తప్పు వాడిది కాదు. నాది" అంది. అంతా చెప్పింది. అవ్వ చెప్పింది, తాను మార్చింది, నీటికుక్క చెప్పింది. ఏదీ దాచలేదు.

రేల మెల్లగా అడిగింది.

"నీకు పొద్దున్నే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పాడావా?"

"పాడాను."

"నీ పిల్ల కూడా ఆ నీళ్లలోనే ఉంది కదే!"

"ఉంది" అంది కానుగ.

ఒక్కొక్కరే మొహం తిప్పుకుని లేచిపోయారు. ఆమెను ఎవరూ తిట్టలేదు. మంద నుంచి పొమ్మనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె పక్కన ఎవరూ పడుకోలేదు. మంద కదిలితే ఆమె అందరికంటే వెనక నడిచేది. ఆమెతో పాటు మోదుగు కుంటుకుంటూ నడిచేవాడు. జాలిపడి కాదు, నడక సాగక వెనకబడేవాడు. ఏడాది పొడుగునా వాడు ఆమెతో మాట్లాడింది లేదు.

మళ్లీ తొలకరి వచ్చింది. మళ్లీ ఆ వాగు. అక్కడ పెద్ద గొడవైంది. "మనవాళ్లను మింగిన రాయి దగ్గర ఆగేదేంటి? పాటా వద్దు, మొక్కూ వద్దు, పోదాం పదండి" అని కుర్రవాళ్లు అరిచారు. "పాట పూర్తిగా పాడకపోతే మళ్లీ ముంచుతుంది" అని ముసలివాళ్లు ఏడ్చారు. రేల రెండు వైపులా చూసింది. తర్వాత మంద చివరికి చూసింది.

"కానుగా, ముందుకు రా" అంది.

కానుగ వచ్చింది. దారి ఇవ్వడానికి అందరూ అవసరమైన దానికంటే ఎక్కువే జరిగారు. ఏడాదిగా పాడని గొంతు బొంగురుపోయింది. రెండు ముక్కలూ పాడింది. రాతికి చెంప ఆనించింది. ఊరుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చాలాసేపటికి ఆమె తల తిప్పింది.

"ఇవాళ వద్దు" అంది.

ఎండ ఫెళఫెళలాడుతోంది. వాగులో నీళ్లు గిట్టల పైకి కూడా లేవు. అయినా అందరూ కూర్చున్నారు. కాసేపటికి వంపులోంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి. దుంగలు దొర్లించుకుంటూ వాళ్ల ముందు నుంచే పోయాయి. కానుగను ఎవరూ మెచ్చుకోలేదు. "పోయినేడు ఇంతే కదా చెయ్యాల్సింది" అని ఒక తల్లి కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఆమె పిల్లను గట్టు మీదికి తోసి కాపాడింది మోదుగే గానీ, ఆమె అక్క ఆ నీళ్లలోనే పోయింది. కానుగ మళ్లీ మంద చివరికి వెళ్లి కూర్చుంది.

ఆ తర్వాత పాట నేర్పే పని మళ్లీ ఆమెకే వచ్చింది. ఏటా దూడల్ని రాతి దగ్గర కూర్చోబెట్టేది. రెండు ముక్కలూ నేర్పేది. ఎందుకు ఆగాలో, ఎందుకు ఊరుకోవాలో చెప్పేది. తాను చేసింది కూడా చెప్పేది, మొదటి నుంచి చివరిదాకా. చెప్పిన ప్రతిసారీ ఆ రోజంతా ఆమె మేత ముట్టేది కాదు.

ఒకసారి ఒక పిల్లతల్లి విసుక్కుంది. "పసివాళ్లకు ఈ ఏడుపెందుకమ్మా? పాట నేర్పి పంపితే చాలదా?" అంది.

"చాలదమ్మా. మా అవ్వ నుంచి నాకు అందింది పాట ఒక్కటే" అంది కానుగ.

దూడల్లో ఒకతి మెల్లగా అడిగింది. "నీ పిల్ల పేరేంటి అవ్వా?"

కానుగ వాగు వైపు చూసింది.

"తంగేడు" అంది. తర్వాత వాళ్లను ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, చెంప ఎలా ఆనించాలో చూపించింది.

నీతి: పెద్దలిచ్చిన ఆచారాన్ని దాని అర్థంతో సహా అందుకోవాలి, అర్థంతో సహా అందించాలి. అర్థం తెలిసి కూడా మన గొప్ప పోతుందని దాచిపెడితే, మనల్ని కాపాడాల్సిన ఆచారమే మనల్ని ముంచుతుంది.